మెంఫిస్ నగరంలో పగలు, రాత్రి



మన హాస్టల్లో విహారయాత్ర అంటే ఒక జూ పార్కు, ఒక మ్యూజియం, దారిలో ఒక ఆనకట్ట. పొద్దున్నే బస్సెక్కడం, మధ్యాహ్నం చెట్టు కింద పులిహోర పొట్లాలు విప్పడం, రాత్రి వార్డెన్ గారు తలలు లెక్కపెట్టుకోవడం. ఇప్పుడు ఉద్యోగాలు చేస్తున్న అన్నలకూ, మొన్న కొత్తగా చేరిన తమ్ముళ్లకూ ఈ జాబితా దాదాపు ఒకటే. ఈసారి సంచికలో మేము మిమ్మల్ని కొంచెం దూరం తీసుకెళ్లదలచుకున్నాం. అమెరికాలో మెంఫిస్ అనే ఊరికి.

న్యూయార్కు గురించీ షికాగో గురించీ రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. మెంఫిస్ అంత పెద్ద నగరం కాదు. కానీ పగలు పిల్లలతో తిరగడానికీ, రాత్రి పాట వినడానికీ ఆ ఊరికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం వస్తారు. అక్కడ చూడదగ్గ చాలా స్థలాల వెనక ఒక ప్రశ్న ఉంది. ఒకప్పుడు ఈ గేటు లోపలికి ఎవరిని రానిచ్చారు, ఎవరిని బయటే ఆపేశారు? ఆ ప్రశ్న మనకు కొత్తది కాదు. అందుకే ఈ ఊరిని ఎంచుకున్నాం.

ఊరి పరిచయం

మెంఫిస్ టెన్నెసీ రాష్ట్రానికి నైరుతి మూలన, మిసిసిపీ నది ఒడ్డున ఎత్తైన గట్టు మీద ఉంది. 1819లో దీన్ని స్థాపించారు. ఈజిప్టులో నైలు నది ఒడ్డున ఉన్న ప్రాచీన నగరం పేరే దీనికి పెట్టారు. 2020 జనగణన ప్రకారం జనాభా సుమారు 6 లక్షల 33 వేలు. అందులో ప్రతి పదిమందిలో ఆరుగురికి పైగా నల్లజాతివారే.

ఈ ఊరు పత్తి వ్యాపారంతో పెరిగింది. చుట్టుపక్కల పత్తి చేలల్లో పనిచేసింది ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలూ వారి సంతానమూ. పత్తితో పాటు మనుషులను కూడా ఈ ఊళ్లో అమ్మారు. 1865లో బానిసత్వం చట్టప్రకారం రద్దయింది. ఆ మరుసటి ఏడాదే, 1866లో, మెంఫిస్‌లో నల్లజాతివారి మీద జరిగిన దాడుల్లో 46 మంది నల్లవారు చనిపోయారు. బానిసత్వం పోయినా వేర్పాటు పోలేదు. బడి వేరు, ఆసుపత్రి వేరు, బస్సులో సీటు వేరు, పార్కు వేరు.

పిల్లలతో పగటి పూట

మెంఫిస్‌కు కుటుంబంతో వచ్చినవారు చాలామంది ముందు వెళ్లేది ఓవర్టన్ పార్కులోని జూకి. ఈ జూ 1906లో మొదలైంది. మొదలైన తీరు తమాషాగా ఉంటుంది. ఒక బేస్‌బాల్ జట్టువారు తమ చిహ్నంగా నాచ్ అనే ఎలుగుబంటిని పెంచుకునేవారు. దాన్ని ఈ పార్కులో ఒక చెట్టుకు గొలుసుతో కట్టేవారు. దాని కోసం ఒక బోను కట్టాలని మొదలుపెట్టిన పని క్రమంగా జూ అయింది. 2003 నుంచి 2023 వరకు ఇక్కడ చైనా నుంచి వచ్చిన రెండు పాండాలు ఉండేవి. 2023లో ఒకటి చనిపోయింది, రెండోదాన్ని చైనాకు పంపేశారు.

పార్కులో పాత అడవి కూడా ఉంది. ఒక పెద్ద జాతీయ రహదారిని ఈ పార్కు మధ్య నుంచి వేయబోతే స్థానికులు కోర్టుకెక్కారు. 1971లో అమెరికా సుప్రీంకోర్టు వారికి అనుకూలంగా తీర్పు ఇచ్చింది. ఆ రోడ్డు పార్కులోకి రానే లేదు. చెట్టు కోసం మామూలు జనం వ్యాజ్యం వేసి గెలవగలరని అమెరికా న్యాయ విద్యార్థులు ఈ కేసు చదివి నేర్చుకుంటారు.

ఊరి మధ్యలో పీబాడీ అనే పెద్ద హోటలుంది. అక్కడ వింత బాతులది. రోజూ ఉదయం 11 గంటలకు ఐదు బాతులు పైకప్పు మీది గూటి నుంచి లిఫ్టులో కిందికి దిగి, ఎర్ర తివాచీ మీద వరుసగా నడిచి హాలులోని నీటి ఫౌంటెన్‌లోకి దూకుతాయి. సాయంత్రం 5 గంటలకు మళ్లీ అదే వరుసలో వెనక్కి వెళ్తాయి. 1930ల నుంచి ఈ ఆనవాయితీ సాగుతోంది. వాటిని నడిపించడానికి ప్రత్యేకంగా ఒక ఉద్యోగి ఉంటాడు. సర్కసులో జంతువులకు శిక్షణ ఇచ్చిన ఎడ్వర్డ్ పెంబ్రోక్ అనే ఆయన 1940 నుంచి 1991 వరకు ఈ పని చేశారు. అర్ధశతాబ్దం పాటు బాతులను నడిపించిన ఉద్యోగం!

పిల్లల మ్యూజియంలో 1909లో తయారైన రంగులరాట్నం ఉంది. చెక్క గుర్రాలతో చేసిన ఈ రాట్నం దశాబ్దాల పాటు ఊరి ఎగ్జిబిషన్ మైదానంలో తిరిగింది. అక్కడి వినోద పార్కు 2005లో మూతపడ్డాక దాన్ని దాచి, బాగుచేసి, 2017లో ఈ మ్యూజియంలో నిలబెట్టారు.

ఇక నది ఒడ్డు. అక్కడ టామ్ లీ పేరుతో పెద్ద పార్కు ఉంది. 2023లో దాన్ని కొత్తగా తీర్చిదిద్దారు. టామ్ లీ నది మీద చిన్న పడవ నడుపుకునే నల్లజాతి కూలీ. 1925 మే 8న అతని కళ్ల ముందే ఒక స్టీమరు మునిగిపోయింది. అతనికి ఈత రాదు. అయినా ఆ చిన్న పడవతో మళ్లీ మళ్లీ వెళ్లి 32 మందిని ఒడ్డుకు చేర్చాడు. దేశాధ్యక్షుడు పిలిచి అభినందించాడు. చందాలు పోగేసి ఒక ఇల్లు కొనిచ్చారు. నగరపాలక సంస్థ కృతజ్ఞతగా ఒక ఉద్యోగం ఇచ్చింది. ఏ ఉద్యోగం? పారిశుధ్య శాఖలో చెత్త ఎత్తే ఉద్యోగం. 1954లో నిలిపిన స్మారక స్తంభం మీద "చాలా యోగ్యుడైన నీగ్రో" అని చెక్కించారు. మెచ్చుకునేటప్పుడు కూడా అతని జాతిని పక్కన పెట్టలేకపోయారు. 2006లో అక్కడ వేరే శిల్పం పెట్టారు. అందులో టామ్ లీ పడవలోంచి చెయ్యి చాచి నీళ్లలో ఉన్న మనిషిని అందుకుంటూ కనిపిస్తాడు.

జూ ముందు పెట్టిన బోర్డు

పైన చెప్పిన జూకి మళ్లీ వద్దాం. 1950లలో ఎర్నెస్ట్ విథర్స్ అనే మెంఫిస్ ఫోటోగ్రాఫరు తీసిన ఒక ఫోటో ప్రసిద్ధమైంది. జూ ముందు ఒక బోర్డు ఉంటుంది. "ఈ రోజు జూలోకి తెల్లవారికి ప్రవేశం లేదు" అని దాని భావం.

చూడగానే తెల్లవారినే ఆపేశారేమో అనిపిస్తుంది. అసలు సంగతి వేరు. నల్లజాతివారికి వారంలో ఒక్క రోజు మాత్రమే జూలోకి ప్రవేశం. ఆ ఒక్క రోజు తెల్లవారు పొరపాటున వచ్చి వారితో కలవకుండా ఈ బోర్డు. మిగతా రోజులన్నీ తెల్లవారివే కాబట్టి ఆ రోజుల్లో విడిగా చెప్పాల్సిన అవసరమే ఉండేది కాదు. జూకి డబ్బు పెట్టేది నగరం. ఆ నగరానికి పన్నులు కట్టేది అందరూ. కానీ ఏనుగును చూడాలంటే ఒక పిల్లవాడు తన రోజు కోసం వారమంతా ఎదురుచూడాలి.

1960లో మెంఫిస్ నల్లజాతి పౌరులు కోర్టుకు వెళ్లారు. అదే ఏడాది జూను అన్ని రోజులూ అందరికీ తెరిచారు. పార్కుల సంగతి మాత్రం తేలలేదు. ఆ కేసులో నమోదైన లెక్క చూడండి. నగరానికి 131 పార్కులున్నాయి. వాటిలో 58 తెల్లవారికి మాత్రమే. 25 నల్లవారికి మాత్రమే. అందరికీ తెరిచినవి 25. మిగిలిన 23 ఇంకా అభివృద్ధి చేయని ఖాళీ స్థలాలు. నగరం వాదన ఏమిటంటే, "మేము తెరవం అనడం లేదు, నెమ్మదిగా ఒక్కొక్కటే తెరుస్తాం. ఒక్కసారిగా తెరిస్తే గొడవలవుతాయి" అని. కింది కోర్టులు సరేనన్నాయి.

1963 మే 27న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ వాదనను తోసిపుచ్చింది. గొడవలవుతాయన్న భయానికి ఆధారం చూపలేదంది. రాజ్యాంగం ఇచ్చిన హక్కు ఎప్పుడో అందబోయే వాగ్దానం కాదు, ఇప్పుడే ఇక్కడే అనుభవించవలసినది అన్నది ఆ తీర్పు సారాంశం. "నెమ్మదిగా ఇస్తాం, ఓపిక పట్టండి" అన్న మాట విన్నవాళ్లెవరికైనా ఈ తీర్పు విలువ తెలుస్తుంది.

బీల్ స్ట్రీట్ - రాత్రి మేల్కొనే వీధి

సాయంత్రమైతే జనం బీల్ స్ట్రీట్‌కు చేరతారు. వీధి పొడవైనదే గాని సందడంతా రెండో వీధికీ నాలుగో వీధికీ మధ్య కొద్ది దూరంలోనే. రాత్రిళ్లు అక్కడ వాహనాలు ఆపేస్తారు. రెండు వైపులా రంగు రంగుల నియాన్ దీపాలు, తలుపులు తెరిచిన క్లబ్బులు, ఒక్కో క్లబ్బులో ఒక్కో బ్యాండు. కట్టెల సెగ మీద గంటల తరబడి కాల్చిన పంది మాంసం ఈ ఊరి ప్రత్యేక వంటకం. టికెట్టు కొనలేనివారు హ్యాండీ పార్కులో నిలబడి పాట వినవచ్చు.

ఈ వీధిని నిలబెట్టినవారిలో ముఖ్యుడు రాబర్ట్ చర్చ్. బానిసగా పుట్టినవాడు. 1878లో మెంఫిస్‌లో పచ్చజ్వరం వ్యాపించి 5 వేల మందికి పైగా చనిపోయారు. ధనవంతులు ఊరు వదిలి పారిపోయారు. నగరం అప్పుల పాలై పురపాలక హోదానే పోగొట్టుకుంది. అందరూ పారిపోతుంటే చర్చ్ ఉండిపోయి బీల్ స్ట్రీట్ చుట్టూ స్థలాలు కొన్నాడు. నగరాన్ని మళ్లీ నిలబెట్టడానికి బాండ్లు అమ్మినప్పుడు మొదటి వెయ్యి డాలర్ల బాండు కొన్నది ఆయనే. అంత చేసినా ఆ నగరం పార్కుల్లో ఆయన పిల్లలకు చోటు లేదు. అందుకని 1899లో బీల్ స్ట్రీట్ మీద తన సొంత డబ్బుతో నల్లజాతివారి కోసం ఒక పార్కూ, సుమారు 2 వేల మంది కూర్చునే సభాభవనమూ కట్టించాడు. అక్కడ సంగీత కచేరీలు జరిగేవి, పిల్లలు ఆడుకునేవారు, తర్వాత ఓటర్లను చేర్పించే సభలూ జరిగాయి.

అదే వీధిలో ఇడా బి. వెల్స్ అనే నల్లజాతి యువతి ఒక పత్రిక నడిపింది. 1892లో ముగ్గురు నల్లజాతి కిరాణా వ్యాపారులను మూకలు చంపితే ఆమె నిర్భయంగా రాసింది. ఆమె ఊళ్లో లేని సమయంలో ప్రెస్సును ధ్వంసం చేశారు. ఆమె మళ్లీ మెంఫిస్‌లో నివసించలేకపోయింది. 2021లో అదే వీధిలో ఆమె విగ్రహం పెట్టారు.

ఇక పాట సంగతి. బ్లూస్ అనే సంగీతం పత్తి చేలల్లో, రైలు పట్టాల పనుల్లో పుట్టింది. మన నాట్లలో ఒకరు ఎత్తుకుంటే మిగిలినవారు వంత పాడినట్టు అక్కడా ఒకరు పిలుపు, మరొకరు బదులు. సాధారణంగా ఒక పంక్తిని రెండుసార్లు పాడి, మూడో పంక్తిలో దానికి జవాబు చెబుతారు. ఈ పాటలను స్వరలిపిలో రాసి అచ్చువేసి ప్రపంచానికి చేర్చినవారిలో డబ్ల్యు.సి. హ్యాండీ ముఖ్యుడు. 1912లో ఆయన "మెంఫిస్ బ్లూస్" అచ్చయింది. మిసిసిపీ పత్తి చేలల్లో పెరిగిన రైలీ కింగ్ అనే కుర్రాడు 1940లలో మెంఫిస్ వచ్చి, నల్లజాతి శ్రోతల కోసమే నడిచిన రేడియో కేంద్రంలో పనిచేశాడు. "బీల్ స్ట్రీట్ బ్లూస్ బాయ్" అన్న పిలుపు కురచై బి.బి. కింగ్ అయింది. 1991లో ఆయన పేరుతో ఈ వీధిలో క్లబ్బు తెరిచారు. 2015లో ఆయన చనిపోయినప్పుడు అంతిమయాత్ర ఈ వీధి మీదుగా సాగింది.

మధ్యలో ఈ వీధి దాదాపు చచ్చిపోయింది. 1966లో దీన్ని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. తర్వాత కొన్నేళ్లలోనే పట్టణ పునర్నిర్మాణం పేరుతో చుట్టూ ఉన్న ఇళ్లనూ దుకాణాలనూ పెద్దఎత్తున పడగొట్టారు. పాట వినే జనమే అక్కడ లేకుండా పోయారు. 1983లో నగరం దీన్ని పర్యాటక వీధిగా మళ్లీ తెరిచింది. 1876 నుంచి ఉన్న ఎ. శ్వాబ్ అనే దుకాణం ఒకటి పాత రోజుల గుర్తుగా మిగిలింది. పేరు మిగిలింది, దీపాలు వచ్చాయి. కానీ కూలిన ఇళ్లలోని మనుషులు తిరిగి రాలేదు. ఇప్పటికీ వాదాలు ఆగలేదు. కొన్నేళ్ల కిందట భద్రత పేరుతో వేసవి శనివారం రాత్రుల్లో వీధిలోకి రావడానికే రుసుం పెడితే, పేద నల్లజాతి యువకులను దూరం పెట్టడానికే ఇది అని విమర్శలొచ్చాయి.

రాత్రి సందడికి వేరే పేటలూ ఉన్నాయి. ఓవర్టన్ స్క్వేర్‌లో నాటకశాలలు, భోజనశాలలు ఉంటాయి. కూపర్-యంగ్ అనే పేట చిన్న హోటళ్లకూ పుస్తకాల షాపుకూ పేరు పొందింది. అక్కడికి పర్యాటకులకన్నా ఊరివాళ్లే ఎక్కువ వెళ్తారు.

పాట ఒకరిది, పేరు ఒకరిది

మెంఫిస్ అంటే ఎక్కువమందికి ఎల్విస్ ప్రెస్లీ గుర్తొస్తాడు. 1954లో సన్ స్టూడియోలో అతను పాడిన మొదటి రికార్డు పాట అసలు ఆర్థర్ క్రూడప్ అనే నల్లజాతి గాయకుడిది. ఎల్విస్ ఇల్లు గ్రేస్‌ల్యాండ్‌ను 1982లో సందర్శకులకు తెరిచారు. ఏటా లక్షల మంది చూస్తారు. క్రూడప్ మాత్రం తన పాటల మీద రావలసిన డబ్బు కోసం చివరిదాకా పోరాడుతూనే ఉన్నాడు.

దీనికి భిన్నమైనది స్టాక్స్ కథ. 1960లో ఒక పాత సినిమా హాలులో మొదలైన ఈ రికార్డింగ్ స్టూడియోలో నల్లవారూ తెల్లవారూ ఒకే బ్యాండులో వాయించారు. బయట వీధిలో కలిసి కూర్చుని భోజనం చేయలేని రోజులవి. 1975లో సంస్థ దివాలా తీసింది. 1989లో భవనం కూల్చేశారు. 2003లో అదే చోట మ్యూజియం కట్టారు. పక్కనే ఆ పేట పిల్లలకు సంగీతం నేర్పే బడి ఉంది. కేవలం చూసి వచ్చే స్థలంగా కాకుండా, ఆ పేట పిల్లలకే ఉపయోగపడే స్థలంగా దాన్ని మలిచారు. ఇది మాకు చాలా నచ్చిన విషయం.

లొరైన్ మోటల్

స్టాక్స్‌లో పాడటానికి వచ్చిన నల్లజాతి కళాకారులు రాత్రి ఎక్కడ పడుకోవాలి? పెద్ద హోటళ్లు రానివ్వవు. వాల్టర్ బెయిలీ, లొరీ బెయిలీ అనే నల్లజాతి దంపతులు నడిపిన లొరైన్ మోటల్ వారికి ఆశ్రయం. ఎన్నో ప్రసిద్ధ పాటలు అక్కడి గదుల్లోనే రాశారు.

1968 ఫిబ్రవరి 1న మెంఫిస్‌లో వాన కురుస్తోంది. ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు పారిశుధ్య కార్మికులు తలదాచుకోవడానికి చెత్త లారీ వెనక భాగంలోకి ఎక్కారు. చెత్తను నొక్కే యంత్రం దానంతటదే కదిలి ఇద్దరినీ నలిపేసింది. ఫిబ్రవరి 12న సుమారు 1,300 మంది కార్మికులు సమ్మెకు దిగారు. వారి మెడలో వేలాడిన అట్టల మీద ఒకే మాట: "నేను మనిషిని." మార్చి 28న వారి ఊరేగింపు బీల్ స్ట్రీట్ మీదుగానే సాగింది. అది హింసగా మారి, 16 ఏళ్ల లారీ పేన్ పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. మార్టిన్ లూథర్ కింగ్ వారికి మద్దతుగా మళ్లీ వచ్చి లొరైన్ మోటల్ 306వ గదిలో దిగారు. ఏప్రిల్ 4 సాయంత్రం ఆ గది ముందు వసారాలో ఆయనను కాల్చి చంపారు. ఏప్రిల్ 16న నగరం కార్మికుల సంఘాన్ని గుర్తించి జీతాలు పెంచింది.

1991లో ఆ మోటలే జాతీయ పౌరహక్కుల మ్యూజియం అయింది. 306వ గదిని ఆ రోజు ఉన్నట్టే ఉంచారు. లోపల చెత్త లారీ కూడా ఉంది. సమ్మె కార్మికులు రోజూ బయలుదేరిన క్లేబోర్న్ టెంపుల్ అనే చర్చి మాత్రం 2025 ఏప్రిల్‌లో అగ్నికి ఆహుతైంది. పక్కన 2018లో కట్టిన "నేను మనిషిని" ప్రాంగణం ఉంది.

మనలో ఎంతోమంది అమ్మానాన్నలు మున్సిపాలిటీ చీపురు పట్టినవారే. కాబట్టి ఆ అట్ట మీది మాట మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

మనకు సంబంధం ఏమిటి?

కింగ్ 1959లో మన దేశానికి వచ్చారు. తిరువనంతపురంలో ఒక బడికి వెళ్తే, ప్రధానోపాధ్యాయుడు ఆయనను పిల్లలకు అమెరికా నుంచి వచ్చిన మన సాటి అంటరానివాడిగా పరిచయం చేశారు. ముందు ఆయనకు కష్టం తోచింది. తర్వాత, తన దేశంలో తన జనం స్థితి తలచుకుని అది నిజమేనని ఒప్పుకున్నారు. 1965లో ఒక ప్రసంగంలో ఆయనే ఈ సంగతి చెప్పారు. అంతకు ముందే 1946లో డాక్టర్ అంబేద్కర్ అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్‌కు ఉత్తరం రాసి రెండు సమాజాల పోలికను ప్రస్తావించారు.

మన రాజ్యాంగం 15వ అధికరణంలో రెండో భాగం ఒకసారి తీసి చదవండి. కులం, మతం, జాతి, లింగం, పుట్టిన చోటు అన్న కారణాలతో ఏ పౌరుడినీ దుకాణాల్లోకి, హోటళ్లలోకి, ప్రజా వినోద స్థలాల్లోకి రాకుండా ఆపకూడదని అందులో ఉంది. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్ల పేర్లూ విడిగా చెప్పారు. వినోద స్థలాలు అన్న మాటను అంత పెద్ద గ్రంథంలో ఎందుకు రాశారని అనిపించవచ్చు. మెంఫిస్ జూ బోర్డు తెలిసినవారికి ఆ అనుమానం రాదు. 1950 జనవరి 26 నుంచి మనకు ఈ హక్కు ఉంది. అమెరికాలో హోటళ్లు, సినిమా హాళ్ల విషయంలో ఇలాంటి చట్టం 1964లో వచ్చింది. కాగితం మీద మనం 14 ఏళ్లు ముందున్నాం. ఊళ్లో టీ కొట్టు దగ్గర, గుడి మెట్ల దగ్గర ఎక్కడున్నామో మనకే తెలుసు.

వెళ్లేవారికి నాలుగు మాటలు

అమెరికాలో చదువుకునే, పనిచేసే మన పూర్వ విద్యార్థులు అటువైపు వెళ్తే ఇవి గుర్తుంచుకోవాలి. 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మరు, గుర్తింపు కార్డు అడుగుతారు. పేదరికం, నేరాలు ఎక్కువగా ఉన్న నగరాల్లో ఇదొకటి, కాబట్టి అర్ధరాత్రి దాటాక ఒంటరిగా నడవవద్దు. పిల్లలుంటే బీల్ స్ట్రీట్‌కు సాయంత్రమే వెళ్లి రావడం మంచిది. జూకీ బాతులకూ ఒక పూట ఇస్తే, లొరైన్ మోటల్‌కు కనీసం సగం రోజు ఇవ్వండి.

హాస్టల్లో ఉన్న తమ్ముళ్లకు మేము చెప్పేది ఒక్కటే. ఈ ఏడాది విహారయాత్రలో జూ గేటు దాటేటప్పుడు టికెట్టు చింపే మనిషి మీ కులం అడగడు. ఆ అడగకపోవడం దానంతటదే రాలేదు. ఎవరో కోర్టుకెక్కారు, ఎవరో చెరువు నీళ్లు తాగి దెబ్బలు తిన్నారు, ఎవరో సొంత డబ్బుతో పార్కు కట్టారు. లోపలికి వెళ్లి హాయిగా తిరగండి. ఏనుగు దగ్గర ఎంతసేపు నిలబడాలనిపిస్తే అంతసేపు నిలబడండి.